ఉడుకు నీళ్ల కోనకు పోయే ముందు

పోయిన సంచికలో బదరీనాథ్‌లోని ఉడుకు నీళ్ల గుండం, తప్తకుండం గురించి నాలుగు మాటలు రాసినాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు. మొదటిది పొడుగైంది. ఆ ఉత్తరం చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, అందుకని.

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో లాస్ వెగాస్‌లో ఉంటారు. జనవరిలో మేమిద్దరం పోతున్నాం. అక్కడ హూవర్ డ్యాం కింద కొలరాడో నది లోయలో, కొండల సందున ఉడుకు నీళ్ల గుండాలు ఉన్నాయట. నడుచుకుంటా పోయి స్నానం చేయొచ్చట. తప్పకుండా తీసుకపోతామంటోంది పాప. నాకు 57 ఏళ్లు. మోకాళ్లు బాగానే ఉన్నాయి, పోయినేడు అలిపిరి నుంచి నడిచే కొండెక్కినాను. మా ఆయనకు 64. షుగరు వచ్చి పదిహేనేళ్లయింది, బీపీకి కూడా మాత్రలు మింగుతారు. ఆశ మాత్రం ఆయనకే ఎక్కువ. కాళ్ల తిమ్మిర్లు ఉడుకు నీళ్లకు తగ్గిపోతాయంటారు. పోవచ్చునా? చీరతో దిగొచ్చునా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీరు పోండి. నిండుగా చూసి రండి. మీ ఆయన్ను మాత్రం ఆ నీళ్లల్లో కాళ్లు పెట్టనీయొద్దండి.

ఎందుకో చెప్పే ముందు మా అన్న సంగతి చెప్పాలి. 2009లో మా రెండు కుటుంబాలూ కలిసి ఉత్తరాది యాత్రకు పోయినాం. ఒక పుణ్యక్షేత్రంలో ఉడుకు నీళ్ల గుండం. అన్నకప్పుడు 61 ఏళ్లు, షుగరు మనిషి. అరికాళ్లల్లో ఎప్పుడూ తిమ్మిరి, దూది మీద నడిచినట్లుందనేవాడు. గుండం మెట్టు మీద కూర్చుని రెండు కాళ్లూ నీళ్లల్లో పెట్టుకుని, "నీళ్లు బలే హాయిగా ఉన్నాయి రా, నువ్వూ రా" అని నన్ను పిలిచినాడు. నేను వదిన అడిగిన టవలు వెతకతా సంచి దగ్గర ఉన్నాను. పది నిమిషాలకు వచ్చి చెయ్యి పెట్టి చూస్తే, పెట్టిన చెయ్యి పెట్టినట్లే వెనక్కి లాక్కున్నాను. అన్న ఇంకా నవ్వుతానే ఉన్నాడు. ఆ సాయంత్రం సత్రంలో సాక్స్ విప్పితే రెండు పాదాలూ బొబ్బలు. ఊరికి వచ్చినాక నాలుగు నెలలు కట్లు కట్టించుకున్నాడు. ఎడమ కాలి చిటికెన వేలు తీసేసినారు. ఏటా వైకుంఠ ఏకాదశికి మెట్లెక్కిపోయే మనిషి, ఆ తర్వాత మళ్లా నడిచి కొండెక్కలేదు. ఆ గుండం దగ్గర షుగరు వాళ్లు జాగ్రత్త అని ఒక్క పలకైనా లేదు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లకాయలకు భూగర్భశాస్త్రం చెప్పిన నేను పక్కనే ఉండి కూడా, నీళ్లల్లో ముందు నా చెయ్యి పెట్టి చూడలేదు. ఆ బాధ నాకిప్పటికీ పోలేదు.

మీ ఆయన తిమ్మిర్లకు ఉడుకు నీళ్లు మందు అనుకుంటున్నారు. షుగరు చాలా ఏళ్లు ఉన్నవాళ్లకు కాలి నరాలు మొద్దుబారుతాయి. ఆ తిమ్మిరి దానికి గుర్తు. నరం మొద్దుబారితే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయా, చర్మం ఊడేంత కాగి ఉన్నాయా అని కాలు చెప్పదు. మనకైతే కాలు తగలగానే వెనక్కి వస్తుంది. వాళ్లకు అది హాయిగా ఉంటుంది, అదే ప్రమాదం. బయలుదేరే ముందు డాక్టరు దగ్గరికి పోయి పాదాలు చూపించమనండి. సన్నని నైలాను దారం లాంటిది అరికాలికి తాకించి, తెలుస్తోందా అని అడుగుతారు. రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు. ఇంకో మాట. ఇన్సులిన్ సూది వేసుకునేవారైతే, ఉడుకు నీళ్లల్లో ఒళ్లు వేడెక్కినప్పుడు మందు తొందరగా ఒంటికి పట్టి షుగరు గబాలున దిగిపోవచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు వేడి నీళ్లల్లో రక్తనాళాలు వెడల్పై, లేచి నిలబడగానే కళ్లు తిరగడం ఉంటుంది. తడి రాయి మీద కళ్లు తిరిగితే ఏమవుతుందో నేను రాయక్కరలేదు.

ఇక ఆ చోటు సంగతి. 2017 ఫిబ్రవరిలో మా అబ్బాయితో నేనక్కడికి పోయినాను. అది కొలరాడో నదికి ఆరిజోనా వైపు గట్టున, బ్లాక్ కాన్యన్ అనే లోయలో ఉంది. హూవర్ డ్యాం దాటి కొన్ని కిలోమీటర్లు పోతే రోడ్డు పక్కన బండ్లు నిలిపే చోటు. అక్కడి నుంచి నడక. రానుపోను పది కిలోమీటర్ల దాకా పడుతుంది. మీరు అలిపిరి మెట్లెక్కినాను అన్నారు కదా, ఇక్కడ దాన్ని తిరగేసి ఆలోచించాలి. మన 3550 మెట్లల్లో కష్టం ముందే పడతాం. గాలిగోపురం దాటితే ప్రాణం తెరిపిన పడుతుంది, ఇంక మోకాళ్ల పర్వతమొక్కటే మిగులుతుంది. అక్కడ పోయేటప్పుడంతా దిగుడు. ఎక్కేదంతా స్నానం చేసి ఒళ్లు సడలినాక, తిరుగు దారిలో. ఉడుకు నీళ్లల్లో గంట నానిన మనిషికి కాళ్లల్లో సత్తువ ఉండదు. కాబట్టి నీళ్లల్లో పది పదిహేను నిమిషాలు చాలు. బయటికి వచ్చి కూర్చుని, తాగి, మళ్లా కావాలంటే దిగొచ్చు.

మేం దిగిన దారి వాగు అడుగు. వాన పడితేనే నీళ్లు పారే, తక్కిన రోజుల్లో ఎండిన వాగు. కాలి కింద గులకరాళ్లు, ఇసుక. రెండు పక్కలా ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన రాయి, ఇటుక రంగు, నల్లరంగు, బూడిదరంగు పొరలు పొరలుగా. మధ్య మధ్య గోడలు దగ్గరికి వచ్చేస్తాయి, తలెత్తితే ఆకాశం ఓ పంచె అంచంత కనిపిస్తుంది. మన తుంబురు తీర్థానికి పోయేటప్పుడు కొండ రెండుగా చీలిన సందు ఉంది చూడండి, ఆ జ్ఞాపకం వచ్చింది నాకు. అక్కడ చెట్టూ చేమా, నీటి చప్పుడు. ఇక్కడ ఎడారి, మాట్లాడితే మన మాటే వెనక్కి వస్తుంది. రాళ్ల మీద మెలి తిరిగిన కొమ్ముల కొండగొర్రెలు మూడు నిలబడి మమ్మల్నే చూస్తున్నాయి.

నది ఒడ్డుకు చేరినాక గట్టు వెంబడి కొంచెం కిందికి పోయి, ఇంకో సందులోకి తిరగాలి. ఇరవై అడుగుల నిచ్చెన ఒకటి రాతికి బిగించి ఉంటుంది. దాని పక్కనే ఉడుకు నీళ్లు జారుతుంటాయి. నిచ్చెనెక్కితే సందు మధ్యలో ఇసుక మూటలు పేర్చి నీళ్లు నిలేసిన గుండాలు, ఒకదానికి పైన ఒకటి. ఊట దగ్గరున్న పై గుండం 40 డిగ్రీలు దాటి ఉంటుంది. కిందికి వచ్చే కొద్దీ చల్లారుతుంది. మొదట కింది దాంట్లో కూర్చోవాలి. మా అబ్బాయి నేరుగా పైదాంట్లోకి పోయి మొహం ఎర్రగా చేసుకుని వచ్చినాడు. నది నీళ్లలో చెయ్యి పెట్టినాను, జిల్లుమంది. డ్యాం వెనక లోతు నుంచి వదిలే నీళ్లు అవి, పన్నెండు డిగ్రీల దగ్గరుంటాయి. కాబట్టి గుండంలో నుంచి లేచి నదిలో దూకేవాళ్లను చూసి మీరు దూకవద్దు. గుండెకు అది మంచిది కాదు, వయసు మళ్లిన వాళ్లకు అసలే కాదు.

ఒక హెచ్చరిక పెద్దక్షరాలతో చదువుకోండి. ఆ గుండాల్లో తల ముంచొద్దు. గోరువెచ్చటి మంచినీళ్లల్లో నెగ్లేరియా అనే అమీబా పెరుగుతుంది. 2024లో కేరళలో పిల్లలు చనిపోయినప్పుడు పేపర్లు మెదడు తినే అమీబా అని రాసినాయే, అదే. నోట్లోకి పోతే ఏం కాదు. ముక్కు గుండా పోతే మెదడుకెక్కుతుంది. చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు తక్కువ. ఆ లోయను చూసుకునే జాతీయ ఉద్యానవనాల శాఖవాళ్లు కూడా ఈ మాటే చెప్తారు. మనవాళ్లకు తీర్థం అనగానే మూడు మునకలు వేయాలనిపిస్తుంది. అమ్మా, అక్కడ మెడ దాకా చాలు. నెత్తిన చల్లుకోవాలనిపిస్తే ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నీళ్లు చల్లుకోండి.

మీరు జనవరి అన్నారు, మంచి కాలం. ఆ దారిని ఏటా మే 15 నుంచి సెప్టెంబరు 30 దాకా మూసేస్తారు. ఎండదెబ్బకు అక్కడ మనుషులు చనిపోయినారు, అందుకే. చలికాలంలో పగలు పద్నాలుగు పదిహేను డిగ్రీలుంటుంది, కానీ అయిదు గంటలకల్లా చీకటి పడుతుంది. పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టండి. వాన సూచన ఉన్నరోజు పోనే పోవద్దు. పైన ఎక్కడో వాన పడి, కింద ఎండలో ఉన్న సందులోకి వరద వస్తుంది.

చీర గురించి అడిగినారు. వద్దమ్మా. తడిసిన చీరతో నిచ్చెన దిగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. త్వరగా ఆరే గుడ్డతో కుట్టిన చుడీదారు, పైన పొడుగు చేతుల జుబ్బా చాలు. నీళ్లల్లో జారని రబ్బరు చెప్పులు, ఇంకో జత ఆరిన బట్టలు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. నూనె పెట్టుకుని, సున్నిపిండితో నలుగు పెట్టుకుని దిగొద్దు. అక్కడ పారే నీళ్లు చాలా తక్కువ, మన నూనె తెట్టు తర్వాత వచ్చేవాళ్ల ఒంటికి అంటుకుంటుంది. పసుపు, కుంకుమ, చిల్లర కూడా వేయొద్దు. నమస్కారం చేసుకుంటే చాలు.

మీ ఆయన చిన్నబుచ్చుకుంటారు, తెలుసు. ఆయన్ను హూవర్ డ్యాం మీదికి తీసుకపోండి. 221 మీటర్ల ఎత్తు, 1930లలో కట్టినారు. పక్కన 2010లో తెరిచిన పెద్ద వంతెన మీద నడవడానికి కాలిబాట ఉంది, అక్కడి నుంచి డ్యామూ, దాని కింది లోయా కనిపిస్తాయి. మీరు కిందికి పోయి వచ్చేదాకా అల్లుడు ఆయనతో ఉండొచ్చు. నాగార్జునసాగర్ చూసిన కళ్లకు ఆ డ్యాం వేరేగా కనిపిస్తుంది, ఆయన దగ్గర మాట్లాడుకోవడానికి బోలెడు ఉంటుంది.

ప్రశ్న: సార్, మాది భాకరాపేట. డిగ్రీ రెండో సంవత్సరం. తలకోన మాకు దగ్గరే. మన శేషాచలంలో ఇన్ని తీర్థాలు, ఇన్ని కోనలు ఉన్నాయి కదా. ఉడుకు నీళ్ల ఊట ఒక్కటి కూడా ఎందుకు కనపడదు? హిమాలయాల్లో ఎందుకున్నాయి?
– ఒక విద్యార్థి

జవాబు: నాయనా, ఇది నాకు బాగా నచ్చిన ప్రశ్న. ముందు మీ ఊరి బోర్ల దగ్గర మొదలుపెడదాం.

భూమి లోపలికి పోయే కొద్దీ వేడి పెరుగుతుంది. మామూలు చోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు. మీ దిక్కు వెయ్యి అడుగుల బోర్లు వేసినవాళ్లు ఉంటారు కదా, అంటే మూడొందల మీటర్లు. ఆ అడుగున రాయి పైనున్న రాయికన్నా ఏడెనిమిది డిగ్రీలు వేడి. లోతు బోరు మోటారు వేస్తే నీళ్లు గోరువెచ్చగా తగలడం అందుకే. వాన నీళ్లు రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి, అక్కడ కాగి, చల్లారేలోగా మళ్లా పైకి రావాలి. అప్పుడే ఉడుకు ఊట. దిగడానికీ, ఎగయడానికీ లోతైన పగుళ్లు కావాలి. అగ్నిపర్వతం ఉండి తీరాలని లేదు. మణికరణ్‌లోనూ, భద్రాచలం పక్కన గుండాల అనే ఊళ్లోనూ అగ్నిపర్వతం లేదు.

మన కొండల్లో నీళ్లు అంత లోతుకు పోవు. ఘాట్ రోడ్డు పక్కన భూగర్భ సర్వేవాళ్ల పలక ఒకటి ఉంది, జాతీయ భూగర్భ వారసత్వ స్థలం అని. ఎప్పుడైనా ఆగి చూసినావా? నేను ఏటా పిల్లకాయల్ని అక్కడికి తీసుకపోయేవాణ్ణి. కింద పాత గ్రానైటు, దానిమీద నగరి క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి. ఆ రెండింటి మధ్య గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర రాయకుండా వదిలేసిన పేజీ ఉంది, అంటే ఆ కాలపు రాయి అక్కడ లేదు. ఆ గీత మీద ఒక అరచేయి కిందా, ఒకటి పైనా పెట్టి నిలబడమనేవాణ్ణి. చాలామంది అప్పటిదాకా నవ్వుకుంటా ఉండి, ఆ క్షణాన ఊరుకునేవాళ్లు.

పైనున్న క్వార్ట్‌జైటు నిండా పగుళ్లే. వాన నీళ్లు ఆ పగుళ్లల్లో దిగి, కొన్ని పదుల నుంచి వందల మీటర్ల దాకా పోయి, పక్కకు జారి కొండ అంచున బయటికి వస్తాయి. తలకోనలో 270 అడుగులు దూకేవీ, కపిలతీర్థంలో పడేవీ అట్లాంటి నీళ్లే. లోపలి వేడి చూసే తీరిక వాటికి ఉండదు. చెట్ల నీడన ఉండి ఇంకా చల్లబడతాయి.

హిమాలయాలది వేరే కథ. మన భూభాగం ఉత్తరం దిక్కు ఇప్పటికీ నెట్టతానే ఉంది. ఆ ఒత్తిడికి లోతు రాళ్లు వేడి తగ్గకముందే పైకి లేస్తున్నాయి, నేల నిండా పెద్ద పెద్ద చీలికలు. నీళ్లకు దారి దొరుకుతుంది. మన తెలుగునేల మీద గోదావరి లోయ అట్లా విరిగి కుంగిన నేల. భద్రాచలానికి అయిదు కిలోమీటర్ల దూరాన గుండాల దగ్గర నది ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వితే ఉడుకు నీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర బుగ్గలోనూ వేడి ఊటలున్నాయి. పై ఉత్తరంలో చెప్పిన అమెరికా లోయదీ ఇట్లాంటిదే, అక్కడ నేల సాగి పగిలింది. డబ్బులుంటే అమెరికా, లేకుంటే భద్రాచలం బస్సు. నువ్వు గుండాల చూసి వచ్చి నాకు రాయి నాయనా.

ప్రశ్న: మేం తిరుపతి నుంచి పన్నెండు మందిమి మే నెలలో చార్‌ధామ్ పోతున్నాం. అందరూ అరవై దాటినవాళ్లం. యమునోత్రిలో, బదరీనాథ్‌లో ఉడుకు నీళ్ల స్నానం తప్పకుండా చేయాలంటున్నారు. జాగ్రత్తలు చెప్పండి. మణికరణ్ కూడా కలుపుకోవచ్చునా?
– రిటైరైన ఉద్యోగి, తిరుపతి

జవాబు: యమునోత్రిలో సూర్యకుండం స్నానానికి కాదు. గుడ్డలో బియ్యం, బంగాళాదుంపలు కట్టి వేలాడదీస్తే ఉడికిపోయే నీళ్లు అవి, ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు. దాని మెట్ల మీద చిన్నపిల్లల్నీ, చూపు ఆననివాళ్లనూ ఒంటరిగా నిలబెట్టొద్దు. స్నానానికి వేరే కుండం ఉంది, అక్కడే చేయండి.

బదరీనాథ్ తప్తకుండం దాదాపు 45 డిగ్రీలు. మన ఇళ్లల్లో బాలింతరాలికి నీళ్లు పోసే అవ్వ మోచేయి ముంచి చూసి, చాలదనో ఎక్కువనో చెప్తుంది చూడండి, అట్లా మీలో షుగరు లేని ఒకరు ముందు చూడాలి. నేరుగా దిగొద్దు. చెంబుతో కాళ్ల మీద, తర్వాత భుజాల మీద పోసుకోండి, అదీ స్నానమే. పైకి రాగానే ఒళ్లు తుడుచుకుని చెవులు మూసే టోపీ పెట్టుకోండి. బదరీనాథ్ మూడు వేల మీటర్లు దాటిన ఎత్తు, బయట గాలి మంచులాగా ఉంటుంది. ఒక రాత్రి జోషీమఠ్‌లో పడుకుని పోతే ఊపిరికి మంచిది. షుగరు ఉన్నవాళ్ల విషయం మొదటి జవాబులో రాసినాను. మీ పన్నెండు మందికీ ఆ భాగం చదివి వినిపించండి.

మణికరణ్ చార్‌ధామ్ దారి కాదు, హిమాచల్‌లో కులూ దిక్కున పార్వతీనది లోయలో ఉంది. దాన్ని ఇంకోసారికి పెట్టుకోండి. కానీ మన తిరుపతివాళ్లు ఒకసారి చూడాల్సిన చోటు. పార్వతీదేవి చెవి మణి అక్కడి నీళ్లల్లో పడిపోతే, శివుడి కోపానికి ఆదిశేషుడు బుస కొట్టినాడనీ, ఆ బుసకు మణులతో పాటు ఉడుకు నీళ్లు చిమ్ముకొచ్చినాయనీ అక్కడివాళ్లు చెప్తారు. ఏడుకొండలు శేషుడి ఒళ్లేనని మనం నమ్ముతాం కదా. ఇక్కడ ఆయన పడగల సందుల్లో చల్లటి తీర్థాలు, అక్కడ ఆయన బుసకు ఉడుకు నీళ్లు. ఆ కథ అక్కడ ఒక ముసలాయన నోట విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అక్కడి గురుద్వారాలో అన్నం, పప్పు కుండలు ఆ నీళ్లల్లోనే దించి ఉడికిస్తారు. ఆ పప్పు రెండుసార్లు పెట్టించుకున్నాను.

ప్రశ్న: తాతా, నేను ఎనిమిదో తరగతి. మాది పుత్తూరు. మా సైన్సు టీచరు వేడి నీటి బుగ్గల దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందన్నారు. ఎందుకు? నేను ఏమైనా ప్రయోగం చేయొచ్చునా?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మణ్ణీ, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. లోతులో రాళ్లల్లో గంధకం ఉంటే నీళ్లు దాన్ని కరిగించుకుని పైకి తెస్తాయి. కోడిగుడ్డులో కూడా గంధకం ఉంది, కుళ్లినప్పుడు అదే వాయువు వస్తుంది. అన్ని ఊటల్లోనూ ఆ వాసన ఉండదు. ఒడిశాలో బరంపురం దిక్కున తప్తపాని అనే ఊట ఉంది, అక్కడ గంధకం ఎక్కువ.

ప్రయోగం చేద్దాం. మీ బడిలో థర్మామీటరు అడుగు, జ్వరం చూసేది కాదు, ల్యాబులోది. మీ వీధిలో బోర్లు ఎన్ని అడుగులు వేసినారో ఇంటింటా అడిగి రాసుకో. పొద్దున ఆరు గంటలకు, మోటారు వేసి పది నిమిషాలు నీళ్లు పారినాక, బకెట్లో పట్టి వెంటనే చూడు. ట్యాంకు నీళ్లు వద్దు, ఎండకు కాగి ఉంటాయి. పాత దిగుడుబావి ఎక్కడైనా ఉంటే అమ్మానాన్నలను తోడు పెట్టుకుని దాని నీళ్లు కూడా చేదలో తీసి చూడు, ఒంటరిగా పోవద్దు. ఒక పక్క అడుగులు, ఒక పక్క డిగ్రీలు రాసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టు. కనీసం పది బోర్లు ఉండాలి. కొన్ని చుక్కలు గీతకు దూరంగా పడతాయి, వాటిని చెరిపేయొద్దు. బోరులోకి నీళ్లు ఏ లోతు నుంచి వస్తున్నాయో ఇంటివాళ్లకు కూడా తెలియదు, అందుకే అట్లా పడతాయి. ఆ కాగితం నాకు పంపు. సంక్రాంతి సెలవుల్లోపు పంపితే ఆ తర్వాత నెల ఇక్కడే వేయిస్తాను.